ఉపాధ్యాయ విద్యార్థుల మొర

బి.ఎడ్. చదువు యువజనులు పాఠశాలలలో పొందు శిక్షణమునుగూర్చి నియమములు వ్రాసినవారు పెక్కుమంది. ఆ శిక్షణము పొందినవారి మాట విన్నవారు కొలదిమంది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో చేసిన నిబంధనలచే ఏడాది చదువు రెండేండ్లదైనది. అందు 20 వారములు పాఠశాలలలో గడపుటకు కేటాయింపబడినవి: మొదటియేట 4, రెండవయేట 16. ఈ మార్పు మంచిదే. కాని వారములు పెరిగినంతమాత్రమున విద్య పెరుగునా?

ఈ కాలము నిష్ప్రయోజనమని విద్యార్థులనుట లేదు. గ్రంథములలో చదివిన బాలమనస్తత్వమునకును, ఎదుట కూర్చున్న పిల్లలకును గల దూరము తమకు తెలిసినది ఇచటనే యని వారే చెప్పుచున్నారు. వారి మొర వేరు. పాఠము చెప్పునపుడు వెనుక బల్లపై కూర్చుండి విని, తప్పు దిద్దు పెద్దలు లేరనియు, సెలవు పెట్టిన ఉపాధ్యాయుల తరగతులకు తమను పంపుచున్నారనియు, రికార్డులు నింపుటకే రాత్రులు చాలకున్నవనియు వారి ఫిర్యాదు. ఇది న్యాయమైన ఫిర్యాదే యని మా యభిప్రాయము.

ప్రధానోపాధ్యాయుల పక్షమునను మాట కలదు. ఖాళీలు నిండని బడిలో, వచ్చినవారిని వాడుకొనక వారేమి చేయుదురు? శిక్షణార్థి వెడలిపోయిన పిదప అదే పాఠమును మరల చెప్పవలసివచ్చునని జంకు ఉపాధ్యాయుడును అపరాధి కాడు. పరీక్షాఫలితములకు బాధ్యుడాతడే గదా! అయినను, కొత్త గిత్తను కాడికి కట్టునపుడు పని నేర్చిన యెద్దును జతచేయుట మన కర్షకులెరుగనిది కాదు. అట్లు చేయనిచో చాలు వంకరపోవును, గిత్తయు బెదరును. బడిలో వంకరపోవునది పిల్లల చదువు.

కావున ప్రభుత్వము మూడు పనులు చేయవలయును. మార్గదర్శియైన ఉపాధ్యాయునకు ఆ దినములలో పీరియడ్లు తగ్గింపవలయును. తొలివారము తరగతిని పరిశీలించుటకే యను నియమము నిక్కముగా నడువవలయును. మార్కులు రికార్డు సొగసునుబట్టి కాక, తరగతిలో స్వయముగా చూచిన బోధననుబట్టి వేయవలయును. 2020 నాటి జాతీయ విద్యావిధానము 2030 నాటికి నాలుగేండ్ల సమగ్ర బి.ఎడ్.ను కనీసార్హతగా చేయ సంకల్పించినది. దిద్దువారు లేనిచో నాలుగేండ్లును రెండేండ్లవలెనే గడచిపోవును.

గ్రామములందలి పెద్దలకును, పట్టణవాసులకును మా విన్నపమొకటి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడువంతుల స్థానములను తల్లిదండ్రులకే యిచ్చినది. సంఘము కూడినపుడు ఒక్క ప్రశ్న యడుగుడు: శిక్షణార్థి పాఠము చెప్పుచుండగా వెనుక బల్లపై నెవరు కూర్చున్నారు? ఎవరును లేరన్నచో, నష్టపోవునది ఆ శిక్షణార్థి యొక్కడే కాదు, మన బిడ్డలును.