319, మా అమ్మ ముక్కు

పోయిన సంక్రాంతికి సంగారెడ్డి వెళ్తూ అయిదు లీటర్ల గానుగ పల్లి నూనె పట్టుకెళ్ళా. రిఫైన్డ్ నూనె కంటే ధర బాగా ఎక్కువ. సీసా మీద పెద్ద అక్షరాలతో "ఏ కెమికలూ లేదు" అని రాసుంది. అమ్మ మూత తీసి వాసన చూసి, "ముక్కింది బిడ్డా, దీంతో సకినాలు చేస్తే ఎవరు తింటరు?" అంది. నేను సీసా మీద రాసింది చదివి వినిపించా. "రాసింది సదువుతవు గానీ వాసన సూడవైతివి" అంది. నా ఇంజనీరింగు డిగ్రీ అక్కడితో గాల్లో కలిసిపోయింది.

మన ఆఫీసుల్లో లంచ్ టైములో నూనెల టాపిక్ వస్తే చాలు, అందరూ తిట్టేది ప్యాకెట్ మీద ఉండే ఐఎన్ఎస్ 319ని. అదే టీబీహెచ్‌క్యూ, నూనె పాడవకుండా కలిపే సింథటిక్ యాంటీ ఆక్సిడెంట్. మన దేశంలో కిలో నూనెకి 200 మిల్లీగ్రాములు దాటకూడదని రూలు.

అసలు నూనె ఎందుకు ముక్కుతుంది? గాల్లోని ఆక్సిజన్ వల్ల ఒక కొవ్వు అణువు చెడుతుంది, అది పక్కదాన్ని చెడగొడుతుంది, అది ఇంకోదాన్ని. మన భాషలో చెప్పాలంటే బ్రేక్ లేని లూపు. యాంటీ ఆక్సిడెంట్ తన దగ్గరున్న హైడ్రోజన్ ఇచ్చేసి ఆ లూపుని ఆపుతుంది. ఉన్నదంతా ఖర్చయిపోయాక లూపు మళ్ళీ మొదలు. 319 చేసేదీ ఇదే, మొక్కల్లోవి చేసేదీ ఇదే.

మొక్కలకి ఈ పని ఎప్పట్నుంచో తెలుసు. పల్లీల్లో టోకోఫెరాల్స్, అంటే విటమిన్ ఇ. తవుడు నూనెలో ఒరైజనాల్. నువ్వుల నూనెలో సెసమాల్. రిఫైనరీలో బాగా వేడి చేసి వాసన తీసేటప్పుడు టోకోఫెరాల్స్‌లో కొంత పోతుంది. గింజ ఇచ్చింది తీసేసి, తర్వాత 319 కలుపుకోవడం అన్నమాట. యూరప్‌లో 2010లో రోజ్‌మేరీ ఆకు సారాన్ని అనుమతించారు. మన కరివేపాకు సారం కూడా ల్యాబుల్లో బాగానే పనిచేసింది. కానీ ఆకు వాసన, రంగు నూనెకి అంటకూడదు, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే బలం ఉండాలి. అది అంత తేలిక కాదు.

ఇంకో దారి మన పటాన్‌చెరులోనే ఉంది. హైవే మీద వెళ్తుంటే ఫ్యాక్టరీలే కాదు, 1972లో పెట్టిన ఇక్రిశాట్ కూడా కనిపిస్తుంది. వాళ్ళు జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థతో కలిసి గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలు తయారుచేశారు. 2020 ప్రాంతంలో అవి బయటికొచ్చాయి. మామూలు పల్లి నూనెలో ఒలీక్ ఆమ్లం సగానికి అటూఇటూ ఉంటే, వీటిలో దాదాపు 80 శాతం. లినోలీక్ ఆమ్లంతో పోలిస్తే ఒలీక్ ఆక్సిజన్‌తో కలిసే వేగం సుమారు పదో వంతే. నూనెలో ఏదో కలిపే బదులు గింజనే మార్చారు. జన్యుమార్పిడి కాదు, సంకరణమే.

నా మట్టుకు నాకు 319 విలన్‌లా కనిపించట్లేదు. ముక్కిన నూనెలో పుట్టే ఆల్డిహైడ్లు కూడా ఒంటికి మంచివేం కావు. "నేచురల్" అన్న ఒక్క మాటకి రెట్టింపు డబ్బులిచ్చి, అమ్మేవాణ్ణి ఏమీ అడక్కపోవడమే మన తప్పు. ఎప్పుడు ఆడించారు? ఏ రకం పల్లీ? ఎండ తగిలే షెల్ఫులో తెల్ల సీసా ఎందుకు పెట్టారు? ఈ మూడూ అడగడం మొదలుపెడితే గానుగ వాళ్ళు తేదీ వేస్తారు, ముదురు రంగు సీసా వాడతారు, గిర్నార్ పండించే రైతుకీ ఓ నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి. గింజలో ఉన్న యాంటీ ఆక్సిడెంట్‌ని కాపాడుకోవడమంటే నా దృష్టిలో ఇదే.

ఈసారి అర లీటరే కొన్నా, ఆడించిన తేదీ అడిగి మరీ. ఇంకా అమ్మకి చూపించలేదు.