కాలిన ఊరికి తిరిగి వచ్చేదెవరు?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టుకున్న ఇల్లు కాలిపోతే మళ్ళీ కట్టి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ కష్టం సామెతకు కూడా అందనిది. వేసవి వచ్చిందంటే మన పేటల్లో, తండాల్లో పూరిళ్ళు ఒకదాని వెంట ఒకటి అంటుకోవడం మనకు కొత్త కాదు. అందుకే ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం నడుమ కార్చిచ్చుకు కాలిపోయి మళ్ళీ లేస్తున్న ఒక ఊరి సంగతి మన హాస్టల్ మిత్రులంతా తెలుసుకోవాలని మేము అనుకుంటున్నాము.

ఆ ఊరి పేరు లహైనా. అమెరికాలోని హవాయి రాష్ట్రంలో మౌయి దీవి పడమటి తీరాన ఉంది. ఒకప్పుడు హవాయి రాజుల రాజధాని. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 12,700 మంది ఉండేవారు. 2023 ఆగస్టు 8న వీచిన పెనుగాలికి కరెంటు తీగలు తెగిపడి పొద్దున మంట పుట్టింది. ఆర్పేశామనుకున్నారు. ఆ నిప్పే మధ్యాహ్నం మళ్ళీ రాజుకుందని 2024లో వచ్చిన విచారణ నివేదిక తేల్చింది. 2,200కు పైగా కట్టడాలు కాలిపోయాయి. 102 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది అరవై దాటిన పెద్దవాళ్ళు. అపాయం చెప్పవలసిన సైరన్లు మోగనే లేదు.

దీన్ని దైవఘటన అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఆ దీవిలో నూరేళ్ళకు పైగా చెరకు తోటల రాజ్యం నడిచింది. తోటల కోసం వాగుల నీళ్ళు మళ్ళించారు. చైనా, జపాన్, పోర్చుగల్, ఫిలిప్పీన్స్ దేశాల నుండి కూలీలను తెచ్చారు. లహైనా చెరకు మిల్లు 1999లో మూతపడింది. బీడుపడిన పొలాల్లో పరాయి దేశాల గడ్డి ఏపుగా పెరిగి, ఎండి, నిప్పుకు మేతగా మారింది. చెరకు లాభం తిన్నది ఒకరు, బీడు గడ్డికి కాలిపోయింది మరొకరు!

ఆ తర్వాత ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుందని మేము అనడం లేదు. బూడిదను, శిథిలాలను ఎత్తి ఊరిని శుభ్రం చేశారు. నష్టపరిహారం దావాల్లో సుమారు 400 కోట్ల డాలర్ల ఒప్పందం 2024 ఆగస్టులో కుదిరింది. అదే ఏడాది నవంబరులో మొదటి ఇల్లు పూర్తయింది. ఇవన్నీ మెచ్చుకోవలసినవే. అయితే కొత్త ఇల్లు లేచేది ఎవరికి? స్థలం కాగితం ఉన్నవారికి, ఇంటి బీమా ఉన్నవారికి.

లహైనాలో హోటళ్ళలో గదులు ఊడ్చేవారు, వంట చేసేవారు, తోట పని చేసేవారు చాలామంది అద్దె ఇళ్ళలోనే ఉండేవారు. ఒకే ఇంట్లో రెండు మూడు కుటుంబాలు సర్దుకునేవి. వారి కాపురం కూడా కాలింది. కానీ కట్టుకోవడానికి వారికి జాగా లేదు. వేలమందిని మొదట హోటల్ గదుల్లో పెట్టారు. తర్వాత బాధితుల కోసం సర్కారు ఎక్కువ అద్దె ఇస్తోందని, దీవిలో కొందరు యజమానులు పాత అద్దెదారులను ఖాళీ చేయించారని అక్కడి పత్రికలు రాశాయి. నిప్పు తగలని వారికి కూడా గూడు పోయింది!

ఆ ఊరి జనం ఊరుకోలేదు. లహైనాలో 1873లో నాటిన మర్రిచెట్టు ఒకటి ఉంది. మన దేశం నుండి తెచ్చిన మొక్క అది. మంటల్లో మాడిపోయిన ఆ చెట్టుకు ట్యాంకర్లతో నీళ్ళు పోశారు. కొన్ని వారాల్లోనే చిగురు వేసింది. చెట్టును కాపాడుకున్నట్టే నేలను కూడా కాపాడుకోవాలని కొందరు పూనుకున్నారు. స్థలాలు చవకగా కొట్టేయడానికి బయటివాళ్ళు బేరాలకు దిగితే, అడగని బేరాలు పెట్టరాదని గవర్నరు ఉత్తర్వు ఇచ్చారు. అమ్ముకోక తప్పని వారి స్థలం ఊరివారి చేతుల్లోనే ఉండేలా కొనడానికి లహైనా కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ ఏర్పడింది. కేంద్ర సాయానికి అర్హత దక్కని వారిని కూడా దృష్టిలో పెట్టుకుని 450 తాత్కాలిక ఇళ్ళ కాలనీని రాష్ట్రం తలపెట్టింది.

స్థలం గలవాళ్ళు కూడా నష్టపోయారు కదా, ముందు వాళ్ళ ఇళ్ళు లేవనివ్వండి, అద్దెవాళ్ళ సంగతి తర్వాత చూడవచ్చు అని కొందరంటారు. స్థలం గలవారి దుఃఖం చిన్నదని మేము అనము. బీమా డబ్బు చాలక అవస్థపడినవారు వారిలోనూ ఉన్నారు. కానీ 'తర్వాత' అనే మాట పేదవాడి విషయంలో ఎంత దూరం సాగుతుందో మనకు తెలియదా? ఆలోగా వాడు వేరే ఊరికి వలసపోతాడు, పిల్లల బడి మారుతుంది. అందుకే ఎన్ని ఇళ్ళు లేచాయన్నది సగం లెక్క మాత్రమే. కాలిన రోజున ఉన్నవారిలో ఎంతమంది తిరిగి వచ్చారన్నదే అసలు లెక్క అని మా అభిప్రాయం.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన పేటలో ఇళ్ళు కాలితే అధికారులు వచ్చి జాబితా రాస్తారు. ఇల్లు ఎవరి పేర ఉంది? పట్టా ఏది? రేషన్ కార్డు ఏది? అని అడుగుతారు. కార్డు ఇంటితోపాటే కాలిపోయింది. పోరంబోకులో వేసుకున్న గుడిసెకు పట్టా మొదటి నుండీ లేదు. ఒకే కప్పు కింద కాపురమున్న అన్నదమ్ములు ఇద్దరైతే జాబితాకెక్కేది ఒక్కరే. లహైనాలో అద్దెవాడికి, మన పేటలో పట్టా లేనివాడికి వచ్చిన కష్టం ఒక్కటే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మనలో చాలామందిమి మన ఇళ్ళలో మొదటిసారి చదువుకుంటున్నవాళ్ళం. అర్జీ రాయాలంటే అమ్మానాన్నలు, ఇరుగుపొరుగు వచ్చేది మన దగ్గరికే. కాబట్టి ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో ఉన్న కాగితాలన్నిటికీ జిరాక్సు తీసి మన రేకు పెట్టెలో సర్టిఫికెట్ల పక్కన దాచుదాం. ఆపద వచ్చిన రోజున జాబితా రాసే అధికారి పక్కన నిలబడి అద్దెకున్నవారి పేరు, రెండో కాపురం పేరు, పట్టా లేనివారి పేరు కూడా రాయించుదాం. చదువుకున్నందుకు మన వాడకు మనం చేయగలిగిన మొదటి పని ఇదే.