మందుల చీటీపై తుది నిర్ణయం యంత్రానిది కారాదు

ఢిల్లీలో యమునకు తూర్పు ఒడ్డున ఉన్న మయూర్ విహార్‌లో కేంద్ర ప్రభుత్వోద్యోగులు, పింఛనుదారులు పెద్దసంఖ్యలో నివసిస్తున్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. అక్కడి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం డిస్పెన్సరీలో గాని, సికింద్రాబాదు లాలాగూడ రైల్వే ఆసుపత్రిలో గాని, నేడు మందుల చీటీ కంప్యూటరు ద్వారానే నడుస్తున్నది. వైద్యుడు వ్రాసిన మందు రోగి చేతికి రావాలంటే రెండు ప్రశ్నలు దాటాలి. ఈ మందు ఈ రోగికి క్షేమమా? ఈ మందు ఆమోదిత జాబితాలో ఉన్నదా? మొదటిది వైద్యశాస్త్రం అడిగే ప్రశ్న. రెండవది ఖజానా అడిగే ప్రశ్న. రెండవది మొదటిదానిని మింగివేయరాదన్నదే మన వాదన.

1954లో ఢిల్లీలో ప్రారంభమైన ఆరోగ్య పథకం 2025 ఏప్రిల్ 28న సీ-డాక్ రూపొందించిన కొత్త కంప్యూటరు వ్యవస్థకు మారింది. తపాలా డిస్పెన్సరీలు ఈ పథకంలో విలీనమైన తరువాత తపాలా ఉద్యోగుల ఆరోగ్యం కూడ దీనితోనే ముడిపడింది. రైల్వేలలో 125 ఆరోగ్య కేంద్రాలకు, 650 పాలీక్లినిక్‌లకు ఇటువంటి వ్యవస్థను నెలకొల్పే బాధ్యతను రైల్‌టెల్‌కు అప్పగించారు. అక్కడ వాడుతున్నదీ సీ-డాక్ వారి ఈ-సుశ్రుతయే. కనుక ఇది ఒక డిస్పెన్సరీ సమస్య కాదు, మన రెండు శాఖల ఉమ్మడి సమస్య.

మేము యంత్రాలకు శత్రువులము కాము. టిక్కెట్ల రిజర్వేషనును కంప్యూటరుపై నడిపించినది రైల్వే ఉద్యోగులే. పొదుపు ఖాతాలను కోర్ బ్యాంకింగులోకి చేర్చినది తపాలా ఉద్యోగులే. వైద్యంలో కూడ యంత్రం చేయగల మేలు అపారం. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వాడే రోగికి మరొక వైద్యుడు నొప్పికని ఐబుప్రోఫెన్ వ్రాస్తే, రక్తస్రావపు ప్రమాదాన్ని యంత్రం క్షణంలో హెచ్చరించగలదు. వృద్ధునికి గ్లిబెన్‌క్లమైడ్ వ్రాస్తే, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చునని చెప్పగలదు. లోకో పైలట్ జలుబుకు మందు కోరితే, క్లోర్‌ఫెనిరమిన్ నిద్ర తెస్తుందని, ఆ మనిషి చేతిలో వందలాది ప్రయాణికుల ప్రాణాలున్నవని గుర్తుచేయగలదు. రోగి వృత్తిని కూడ లెక్కలోనికి తీసుకునే ఇటువంటి తనిఖీ రైల్వే ఆసుపత్రులకు అత్యవసరం. అట్టి హెచ్చరికలలో ఏవేవి నేడు పనిచేస్తున్నవో ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించాలి.

హెచ్చరికలు ఉంటే చాలదు. అవి అర్థవంతంగా ఉండాలి. విదేశాల అనుభవాలను క్రోడీకరిస్తూ 2006లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, భద్రతా హెచ్చరికలలో 49 నుండి 96 శాతం వరకు వైద్యులు త్రోసిపుచ్చారు. అడుగడుగునా మ్రోగే గంటను ఎవరూ వినరు. పనికిరాని గంటలను తొలగించి, ప్రాణాంతకమైన వాటిని నిలుపుట నిపుణుల పని. దానికి తగిన సిబ్బందినీ, రోగిని చూచుటకు తగిన సమయాన్నీ వైద్యునికి ఇవ్వక, యంత్రాన్ని మాత్రం ఇచ్చి చేతులు దులుపుకొనుట తగదు.

ఇక జాబితా సంగతి. ప్రజాధనంతో నడిచే పథకానికి మందుల జాబితా ఉండరాదని మేము అనుట లేదు. మందులను జెనరిక్ పేర్లతో వ్రాయాలన్న 2016 నాటి వైద్యమండలి నిబంధనను కూడ సమర్థిస్తున్నాము. కంపెనీల లాభాలకు మన ఆరోగ్యం తాకట్టు కారాదు. అయితే "పొదుపు" పేరిట వినిపించే వాదనలో ఒక లోపం ఉన్నది. ఒకే మందును మరొక కంపెనీ పేరుతో ఇచ్చుట ఒకటి, వైద్యుడు వ్రాసిన మందుకు బదులు వేరొక మందును ఇచ్చుట మరొకటి. మూర్ఛవ్యాధికి ఫెనిటాయిన్, థైరాయిడ్‌కు లెవోథైరాక్సిన్ వంటి మందులలో తయారీదారుని మాటిమాటికీ మార్చినా రోగి స్థితి తారుమారు కావచ్చును. ఈ తేడాను గుర్తించవలసినది వైద్యుడు. కొనుగోలు విభాగం కాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది "కంప్యూటరు ఒప్పుకోవడం లేదు" అన్న సమాధానం. మనిషి కాదంటే కారణం అడుగవచ్చు, పై అధికారికి వ్రాయవచ్చు. యంత్రం కాదంటే సంతకం లేదు, కారణం లేదు, అప్పీలు లేదు. యంత్రం మాటను వేదవాక్యంగా తీసుకుంటే ఏమవుతుందో బ్రిటన్ తపాలా ఉద్యోగ లోకం చూచింది. హొరైజన్ అనే కంప్యూటరు చూపిన తప్పుడు లోటులను నమ్మి, 1999 మొదలు 2015 వరకు 900 మందికి పైగా తపాలా కార్యాలయ నిర్వాహకులను నేరస్థులుగా శిక్షించారు. ఆ యంత్రంలో లోపాలున్నవని హైకోర్టు తేల్చినది 2019లో. శిక్షలను మూకుమ్మడిగా రద్దుచేస్తూ చట్టం వచ్చినది 2024లో. అక్కడ పోయినవి ఉద్యోగాలు, పరువు, స్వేచ్ఛ. మందుల విషయంలో పోయేది ప్రాణమే.

ఇది దయాధర్మం కాదని పాలకులు గుర్తుంచుకోవాలి. ఏడవ వేతన సంఘం తరువాత నిర్ణయించిన రేట్ల ప్రకారం ఆరవ లెవెల్ ఉద్యోగి ఆరోగ్య పథకానికి నెలకు 450 రూపాయలు చెల్లిస్తున్నాడు. అదే లెవెల్‌లో పదవీ విరమణ చేసినవాడు జీవితాంతపు సభ్యత్వానికి పది సంవత్సరాల చందా ఒక్కసారిగా చెల్లించాలి, అనగా 54,000 రూపాయలు. డబ్బు ముందే పుచ్చుకొన్నవారు మందు లేదనుటకు కారణం చెప్పి తీరాలి.

కావున మేము కోరునది:

1. ఆమోదిత మందుల జాబితాను, దానిలోని ప్రతి మార్పును, కారణంతో సహా హిందీ, ఇంగ్లీషులతో పాటు ప్రాంతీయ భాషలలోనూ ప్రతి డిస్పెన్సరీలో ప్రదర్శించాలి.

2. జాబితాలో లేని మందు అవసరమని వైద్యుడు కారణం వ్రాస్తే, అది చెల్లుబాటు కావాలి. కాదనే అధికారి తన పేరుతో లిఖితపూర్వకంగా కాదనాలి.

3. రోగికి నిరాకరించిన, మార్చిన ప్రతి మందుకు రశీదు ఇవ్వాలి. అప్పీలుకు గడువు నిర్ణయించాలి.

4. కంప్యూటరు నిలిచిపోయిన రోజున కాగితపు చీటీపై మందు ఇవ్వాలి. ఏ రోగినీ వట్టి చేతులతో పంపరాదు.

5. జాబితాను, హెచ్చరికలను నిర్ణయించే సంఘాలలో ఉద్యోగుల, పింఛనుదారుల ప్రతినిధులకు స్థానం కల్పించాలి.

ప్రతి శాఖ తన సమావేశంలో ఈ కోర్కెలపై తీర్మానం చేయాలి. నిరాకరించబడిన మందుల వివరాలను రోగుల అనుమతితో, వారి పేర్లు లేకుండా సేకరించి కేంద్ర కార్యాలయానికి పంపాలి. ఆధారాలు మన చేతిలో ఉన్ననాడు "కంప్యూటరు ఒప్పుకోవడం లేదు" అన్న మాట చెల్లదు. యంత్రం వైద్యునికి సహాయకుడు కావాలి, రోగికి యజమాని కారాదు.