తెరమీది తాతగారి ఊరు

విదేశమున పుట్టి పెరిగిన పిల్ల తాతగారి ఊరికి వచ్చును. కారు దిగగానే నాయనమ్మ హారతి పట్టును. తొలుత ఆ పిల్ల ఎవ్వరినీ లక్ష్యపెట్టదు. కొలది వారములు గడచునప్పటికి పట్టుచీర కట్టి తులసికోట చుట్టు ప్రదక్షిణము చేయును. మన టెలివిజన్ ధారావాహికలలో ఈ కథను మేమెన్నిమార్లు చూచితిమో లెక్క లేదు. ఇది బూటకమని వ్రాసినవారెరుగుదురు, చూచువారును ఎరుగుదురు. అయినను సికిందరాబాదులో మా ఇండ్లన్నిట రాత్రివేళ ఇదియే మ్రోగుచుండును. ఏలయన, ఇందు పిల్ల కథ నెపము మాత్రమే. జరుగునది మన స్తోత్రము.

అమెరికాలో 1999 మొదలు 2007 వరకు "ది సొప్రానోస్" అను టెలివిజన్ నాటకము నడచినది. 2000లో ప్రసారమైన ఒక భాగమున, న్యూజెర్సీలోని ఇటలీ సంతతి నేరగాండ్రు మువ్వురు నేపుల్స్ నగరమునకు పోవుదురు. అందు పాలీ అనువాడు పితృభూమిని చూడబోవుచున్నానని ఉప్పొంగిపోవును. కాఫీ అంగడివద్ద కూర్చున్నవారిని గౌరవపదముతో పలుకరించును. ఎవ్వరును బదులు పలుకరు. వడ్డించిన వంటకము రుచింపక, తన ఇంట చేయు టొమాటో పులుసు మెకరోనీ కావలెననును. పక్కనున్నవారు తమ భాషలో వానిని ఈసడింతురు. తన తాత ఊరి స్త్రీ యొకతె తటస్థపడగా పరవశుడగును. ఆమెకు చీమ కుట్టినట్లైనను ఉండదు. తిరిగివచ్చి, యాత్ర దివ్యముగా నున్నదని చెప్పుకొనును! స్వజనుల భ్రమను ఇంత నిర్దయగా చూపుటకు ఆ నాటకకర్తలు జంకలేదు.

మనకట్టి కథలు కరవా? 19వ శతాబ్దమున కోరంగి రేవునుండి మారిషస్ చెరకుతోటలకు పోయిన మనవారిని అచ్చట "కోరంగీలు" అనిరి. 1860లో మద్రాసునుండి "ట్రూరో" నౌకతో మొదలైన నేటాల్ కూలివలసలోను తెలుగువారు కలరు. మారిషస్‌లో వారి సంతతివారు పలువురు ఇంట క్రియోల్ మాటలాడుచునే, నేటికిని రామభజనము సలుపుచున్నారు, సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నారు. ఉగాది అచ్చట సెలవుదినము. అట్టి యింటి పడుచు కోరంగికి వచ్చినచో ఏమి చూచును? నాటి ఓడరేవు లేదు, మడ అడవులున్నవి. నేటాల్ ఓడల పట్టికలలో కూలివాని పేరుతోపాటు ఊరును, కులమును వ్రాసియున్నవి. ఆ కాగితము చేతబట్టి వచ్చినవానిని మనము ఏ వీధికి తీసికొనిపోవుదుము? తెరమీద తాతగారి యిల్లు ఎప్పుడును మండువా లోగిలియే. అక్కడ ఒక్క తాతయైనను ఊరిచివర దళితవాడలో పుట్టలేదు, అప్పు తీర్చలేక ఓడ యెక్కలేదు! లోగిళ్లవారు చెరకు నరుకుటకు సముద్రము దాటిరా?

పగలంతయు శ్రమించినవారికి రాత్రి ఈ విషాదమేల యని నిర్మాతలు అనవచ్చును. అత్తల విషప్రయోగములతో, కోడండ్ర కన్నీళ్లతో నడుచు కథలకు విషాదమన్న నింత భయమా!

మేమును నిర్దోషులము కాము. అమెరికాలో పుట్టిన మా బంధువుల పిల్లవాడొకడు వచ్చి, ముత్తాతగారు కాపురమున్న ఇల్లు చూపుడని వచ్చీరాని తెలుగున అడిగెను. ఆ ఉచ్చారణకు మేమందరము నవ్వితిమి. ఆపై వాడు తెలుగు మాటాడలేదు. మోండా మార్కెటు వెనుక సందులో ఆ ఇంటి తావున ఇప్పుడు ప్లాస్టిక్ సామానుల గిడ్డంగి కలదు. వాడు దాని ఇనుప షట్టరును ఫోటో తీసికొనెను. ఆ రాత్రి ధారావాహికలో విదేశపు పిల్ల ఒక్క తప్పు లేకుండ తెలుగు పద్యము చదివెను. మా యింటివారు కన్నీరు తుడుచుకొనిరి. ఆ లోగిలి ఎచ్చట నున్నదని పిల్లవాడు ఇంగ్లీషున అడిగెను. స్టూడియోలో వేసిన సెట్టని చెప్పితిమి.