సైకిల్‌ను గుద్ది పరారైతే.. పరిహారం ఎంత? తేడా అంతా బండి నంబరుతోనే!

విజయనగరం జిల్లా చీపురుపల్లి - గరివిడి రోడ్డు. పని ముగించుకుని సైకిల్‌పై ఇంటికెళ్తున్న కూలీని ఓ బండి గుద్ది, ఆగకుండా వెళ్లిపోయిందనుకోండి. కాలు విరిగింది. పరిహారం ఎవరిస్తారు?

బండి ఎవరిదో తేలకపోతే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షనే దిక్కు. తీవ్రంగా గాయపడితే రూ.50 వేలు, చనిపోతే రూ.2 లక్షలు. 2022 ఏప్రిల్ 1కి ముందు ఇవి రూ.12,500, రూ.25 వేలే. దరఖాస్తుపై ఆర్డీవో విచారిస్తారు, కలెక్టర్ మంజూరు చేస్తారు.

బండి దొరికిందా, లెక్కే మారిపోతుంది. మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. వైద్యం ఖర్చు, పోయిన కూలి, మిగిలిపోయిన వైకల్యం అన్నీ లెక్కలోకి వస్తాయి. బండికి బీమా ఉంటే ఆ కంపెనీ, లేకుంటే యజమాని కట్టాలి. అంతకుముందు రూ.50 వేలు తీసుకుని ఉంటే తిరిగి సర్దాల్సిందే.

బండి వివరాలు నెలలోగా దొరక్కపోతే, 161 కింద పరిహారం అడగొచ్చని పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచిదే. కానీ అప్పటిదాకా దుకాణాల సీసీ కెమెరాల్లో ఫుటేజీ ఉంటుందా? చాలాచోట్ల పాతది చెరిగిపోయి కొత్తది రికార్డవుతుంటుంది.

అందుకే ఫిర్యాదు ఇచ్చిన రోజే ఫుటేజీ తీయమని పోలీసులను గట్టిగా అడగాలి. ఆలస్యమైతే లాభపడేది గుద్ది పారిపోయినవాడే. సైకిలిస్టుకు మిగిలేది ఆ రూ.50 వేలే.