ముల్లు ఎగిరితే మీటరు మార్చొద్దు

మా ఇంట్లో ఈ ఆయుధపూజ నుంచి ఒక జగడం నడుస్తా ఉంది. తాత 1978లో కొన్న అంబాసిడర్‌లో స్పీడు మీటరు ముల్లు ఎగురుతోంది. బండి ముప్పైలో పోతుంటే ముల్లు ఇరవైకీ యాభైకీ మధ్య పిచ్చిపట్టినట్టు ఊగుతుంది. దాన్ని తీసి డిజిటల్ మీటరు పెట్టేద్దామని చిన్నాయన కొడుకులు. వద్దని మేము. జగడం తీరలేదు గానీ ముల్లు మాత్రం నిలిచింది. ఎట్ల నిలిచిందో, ఎందుకు వద్దన్నామో రాస్తాం. ఇలాంటి పాతబండి షెడ్డులో ఉన్న ఇండ్లు మనవాళ్లలో కోలారు, బళ్లారి, హోసూరు పక్క ఇంకా ఉన్నాయి.

ముందు ఒక మాట. మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు రాయడం ముప్పై ఏండ్లు వచ్చాక నేర్చుకున్నాం. తప్పులుంటే సర్దుకోండి. ముల్లుకు మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే మాట, అక్కడ తప్పు పోయే భయం లేదు.

మొదట చూపించిన గ్యారేజీలో రెండు నిమిషాలు చూసి, "మీటరు పోయింది సార్, కొత్తది వేసేద్దాం" అన్నారు. ఇంకో చోట వైరు పైకొన నుంచి ఇంజిన్ ఆయిల్ పోసి పంపించారు. రెండు రోజులు ముల్లు బుద్ధిగా ఉంది, మూడోరోజు మళ్లీ మొదలు. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నాం. మా పనిలో మొదటి ప్రశ్న "ఏం పోయింది?" అని కాదు, "ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు?" అని. అందుకే ఒక ఆదివారం తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టి, ఫోనులో జీపీఎస్ వేగం చూస్తూ బండి తోలినాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఎగురుతుంది. మెల్లగా పోయేటప్పుడు ఎక్కువ. అరవై దాటితే సర్దుకుంటుంది. కిలోమీటర్ల అంకెలు మాత్రం ఫోనుతో సరిపోయాయి. మీటరే చెడి ఉంటే వేగాన్ని బట్టీ చలిని బట్టీ ఇట్లా మారుతుందా? అనుమానం కేబుల్ మీదికి పోయింది.

లోపల జరిగేది చాలా సులువు. గేర్‌బాక్సు వెనుక కొన నుంచి ఒక ఉక్కు తీగ, గొట్టం లాంటి తొడుగు లోపల తిరుగుతూ డాష్‌బోర్డు దాకా వస్తుంది. అది మీటరులో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం చుట్టూ అల్యూమినియం గిన్నె ఒకటి. రెండూ ఒకదాన్నొకటి తాకవు. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో విద్యుత్తు పుట్టి గిన్నెను తనవైపు లాగుతుంది, వెంట్రుక లాంటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ రెండు లాగుళ్లు ఎక్కడ సమానమైతే ముల్లు అక్కడ నిలబడుతుంది. అంటే ముల్లుకు సొంత బుద్ధి లేదు. తీగ ఎట్లా తిరిగితే అట్లా చూపిస్తుంది. తొడుగులో గ్రీజు ఎండిపోయి తీగ పట్టుకుంటే, కింది కొన తిరుగుతున్నా పై కొన ఆగుతుంది. తీగ మెలిపడి మెలిపడి ఒక్కసారి వదులుతుంది. ఆ వదిలినప్పుడే ముల్లు ఎగిరేది. అంకెలు తిప్పే పళ్లచక్రాలకు మొత్తం ఎన్ని చుట్లన్నదే లెక్క, చుట్టు నిదానంగా వచ్చిందా విసురుగా వచ్చిందా అని కాదు. అందుకే ముల్లు పిచ్చిగా ఊగినా అంకె తప్పలేదు. కానీ ఊరికే వదిలేస్తే ఆ మెలికలకు తీగ ఏదో ఒకరోజు తెగుతుంది, అప్పుడు రెండూ ఆగిపోతాయి.

డాష్‌బోర్డు వెనుక చెయ్యి పెట్టి, చుట్టూ గీతలున్న నట్టును వేళ్లతోనే విప్పినాం. తీగ పైకి లాగితే వచ్చేసింది. పాత గ్రీజు నల్లగా బంకలా గట్టిపడి ఉంది. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, తీగను నాపరాతి బండ మీద అరచేత్తో దొర్లించినాం. వంగిన తీగ అయితే దొర్లేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది, పోగులు లేచిన తీగ గుడ్డకు పట్టుకుంటుంది. అట్లాంటివైతే తీగ మార్చాల్సిందే, దానికి బెంగళూరు జేసీ రోడ్డు దాకా పోవాలి. మాది బాగానే ఉంది. అసలు దొంగ ఇంకో చోట దొరికినాడు. ఇంజిన్ వెనుక రేకు గోడ దాటే చోట, ఎప్పుడో ఎవరో తొడుగును క్లిప్పుతో బిగించి మోచెయ్యిలా మడిచి పెట్టినారు. క్లిప్పు వదులు చేసి మలుపును వెడల్పు చేసినాం.

గ్రీజు పూయడంలోనే చాలామంది చెడగొట్టేది. వేళ్లకు అంటుకునేంత పలచగా, కింది మూడింట రెండు వంతులకే పూయాలి. పై కొన జానెడు పొడిగా వదలాలి. ఎక్కువ పూస్తే, లేదా ఆయిల్ పోస్తే, తిరిగే తీగ దాన్ని పైకి ఎక్కించి మీటరులోకి దింపుతుంది. గిన్నెకూ అయస్కాంతానికీ మధ్య సందులో నూనె చేరితే, మంచి మీటరు కూడా నిజంగానే చెడుతుంది. ఆ రెండో గ్యారేజీవాళ్ల మీద మాకు కోపం అందుకే. మాది దేవుడి దయవల్ల తప్పించుకుంది. ఒకవేళ నూనె చేరి ఉంటే మీరు విప్పొద్దు, ఆ స్ప్రింగు చెయ్యి తగిలితే చాలు పాడవుతుంది. మీటర్లు మాత్రమే బాగుచేసే పనివాళ్లు పెద్ద ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్ల దగ్గరికి పొండి.

తీగను తిప్పుతూ తిప్పుతూ దించితే కింద నాలుగు పలకల కొన గేర్‌బాక్సులో కూర్చుంది. అంతే పని. ఇప్పుడు ఫోను నలభై అంటే ముల్లు నలభై మూడు దగ్గర కదలకుండా నిలబడుతుంది.

చిన్నాయన కొడుకుల వాదన మేము కొట్టిపారేయం. జీపీఎస్ మీటరు కచ్చితమే, మేము పరీక్ష చేసింది కూడా దానితోనే. యాభై ఏండ్లు నిండిన బండ్లను వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చని 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది. మా బండికి 2028లో యాభై నిండుతాయి. ఆ నిబంధన చూసేది చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చినారా అని. మీటరు మారిస్తే చట్టానికి అడ్డేమీ లేదు. అంతా నిజమే.

అయినా వద్దన్నది తాత నోటుబుక్కు కోసం. తాత ప్రతి ప్రయాణానికీ మీటరు అంకె తెలుగులో రాసేవాడు. ముళబాగిలు, నంగలి, పలమనేరు, చిత్తూరు, తిరుపతి. ఎక్కడ ఎంత, ఎవరెవరు వచ్చినారు. మా అత్త పెండ్లిచూపులకు పోయిన రోజు అంకె ఉంది. మొగిలి ఘాటు దిగుతుండగా ఐదు గళ్లూ సున్నాలైన రోజు ఉంది. బండి ఆపి అవ్వ టెంకాయ కొట్టిందట. ఈ బండిలో మీటరు డాష్‌బోర్డు నడిమధ్యన ఉంటుంది కాబట్టి వెనుక సీట్లో ఒకరిమీద ఒకరు కూర్చున్న పిల్లలందరూ చూసినారట. మేము తెలుగు అక్షరాలు నేర్చుకున్నదే ఆ నోటుబుక్కు చదవడానికి. అందులో చివరి అంకెకూ ఇప్పుడు మీటరులో ఉన్న అంకెకూ లంకె తెగలేదు. కొత్త మీటరు సున్నా నుంచి మొదలవుతుంది. సరిగ్గా లెక్క పెడుతున్నదాన్ని పీకేసి, దాని పక్కన ఊగుతున్న ముల్లుకు మందు వేస్తామంటే మాకు అర్థం కాదు.

తప్పు మాది కూడా ఉంది, అది ఒప్పుకోవాలి. తాత పోయినాక బండి ఏడాదికి ఒకసారి ఆయుధపూజకు బయటికి వచ్చేది. కడిగి, పసుపుకుంకుమ పెట్టి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, వీధి చివరిదాకా తోలి మళ్లీ షెడ్డులో పెట్టేవాళ్లం. పూజ చేసినామనే తృప్తి మాకు. లోపల గ్రీజు గడ్డకట్టింది ఆ పదకొండు నెలల్లోనే. ఇంట్లో పాతబండి ఉంటే నెలకు రెండుసార్లైనా పది పదిహేను కిలోమీటర్లు తోలాలి. తోలే తీరిక లేకుంటే తోలేవాళ్లకు ఇవ్వడం మేలని మా అభిప్రాయం. ఇంట్లో ఈ మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు.

పోయిన ఆదివారం కురుడుమలె వినాయకుడి దాకా పోయి వచ్చినాం. చిన్నాయన పెద్దకొడుకే తోలినాడు, డిజిటల్ మాట ఎత్తలేదు, వదులుకోనూ లేదు. ఇంటికొచ్చి తాత నోటుబుక్కులో అంకె రాసినాం, కింద ఊరి పేరు, వచ్చినవాళ్ల పేర్లు. నాయన అద్దాలు పెట్టుకుని చూసి, తలకట్లన్నీ కన్నడంలా పెట్టినారని పెన్ను తీసుకుని దిద్దినాడు.