చీకటి గదిలోంచి వెయ్యి మైళ్లు

1867 మార్చిలో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో, గుర్రపు బళ్ల విడిభాగాలు తయారుచేసే కర్మాగారంలో, జాన్ మ్యూర్ అనే 28 ఏళ్ల యువకుడి చేతిలోని ఆకురాయి జారి కుడికంట్లో గుచ్చుకుంది. కొన్ని వారాలు అతను చీకటి గదిలోనే గడిపాడు. దేవుడు చేసిన పూలనూ చెట్లనూ ఇక చూడలేనేమోనన్నదే అతని దిగులు. చూపు తిరిగొచ్చాక యంత్రాల పని వదిలేసి, సెప్టెంబరులో కెంటకీ నుంచి ఫ్లోరిడా సముద్రతీరానికి దాదాపు వెయ్యి మైళ్లు కాలినడకన బయలుదేరాడు. సంచిలో తువ్వాలు, సబ్బు, రెండు కావ్యగ్రంథాలు, ఒక చిన్న కొత్త నిబంధన! సవన్నాలో చేతిలో డబ్బులేక శ్మశానవాటికలో నిద్రించాడు. ఫ్లోరిడాలో మలేరియాతో మంచం పట్టాడు. ఆ దారిలో రాసుకున్న డైరీ అతను చనిపోయిన రెండేళ్లకు, 1916లో పుస్తకంగా వచ్చింది. తర్వాత కాలిఫోర్నియా చేరి అక్కడి అడవుల కోసం కలం పట్టాడు. 1890లో యోసెమిటీ జాతీయవనం కావడంలో అతని రచనల పాత్ర పెద్దది.

స్కాట్లాండ్‌లో పుట్టిన మ్యూర్‌కు తండ్రి బైబిలును కొట్టి మరీ నేర్పాడు. కొత్త నిబంధన మొత్తం, పాత నిబంధనలో అధికభాగం అతనికి కంఠతా వచ్చు. దెబ్బలతో నోటికొచ్చిన వాక్యం, నడకలో కంటికి కనిపించింది. అతన్ని మనం నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నల్లజాతివారి గురించి, ఆదివాసుల గురించి అతను రాసిన చులకన మాటలను, అతను స్థాపకుల్లో ఒకడైన సియెర్రా క్లబ్బే 2020లో తప్పుపట్టింది. పువ్వును ప్రేమించి పొరుగువాణ్ణి చిన్నచూపు చూడటం మనకూ హెచ్చరికే.

అయినా అతని నడక మనల్నొక ప్రశ్న అడుగుతోంది. ఆకాశపక్షులను చూడమని, అడవిపూలను గమనించమని యేసుప్రభువు చెప్పింది ఆజ్ఞే కదా? ఆ వాక్యాన్ని సండేస్కూలు పిల్లలతో వల్లె వేయించి బహుమతులిస్తాం. కార్లు నిలపడానికేమో చర్చి ఆవరణలోని వేపచెట్టు కొట్టించి సిమెంటు పోయిస్తాం. ఇక పక్షి ఎక్కడ వాలాలి? పిల్లవాడు దేన్ని చూసి ఆ వాక్యాన్ని నమ్మాలి?

ప్రభువు గలిలయలో ఊరూరా నడిచి బోధించాడు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులతో నడుస్తూనే లేఖనాలు విప్పి చెప్పాడు. నడిచేవాడికి పక్కవాడితో మాట్లాడే తీరిక, దారిలోని చెట్టును చూసే తీరిక దొరుకుతాయి. వచ్చే ఆదివారం నడవగలిగిన వాళ్లమైనా పిల్లల చెయ్యి పట్టుకుని చర్చికి నడిచి వెళ్దాం. దారిలో కనీసం ఒక చెట్టు పేరు, ఒక పిట్ట పేరు చెబుదాం. చెట్టు కొట్టించిన చోట మరో మొక్క నాటుదాం.

కళ్లుండీ చూడకపోతే, మనం కూర్చున్నదీ చీకటి గదిలోనే!